పేరు వెనుక చరిత్ర – 7: హిజ్కియా, శత్రువు కూడా రాసిపెట్టిన పేరు

క్రీ.పూ. 701లో అష్షూరు చక్రవర్తి సన్హెరీబు పడమటి దేశాల మీద దండెత్తాడు. ఆ యుద్ధం ముగిశాక అతని లేఖకులు విజయాల చిట్టాను పచ్చిమట్టి మీద క్యూనిఫాం లిపిలో రాసి కాల్చారు. ఆ చిట్టా ప్రతుల్లో ఒకటి ఆరు ముఖాల మట్టి పట్టకం. ఎత్తు 38 సెంటీమీటర్లు. 1830లో కల్నల్ రాబర్ట్ టేలర్‌కు నీనెవె శిథిలాల దగ్గర చిక్కింది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని మీద ఒక పరాయి పేరు కనిపిస్తుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే 'హ-జ-కి-యా-ఉ'. పక్కనే 'యూదావాడు' అన్న మాట.

తెలుగు బైబిలు చదివేవారికి ఈయన పరిచయస్తుడే. యూదా రాజు హిజ్కియా.

హెబ్రీ లేఖనాల్లో వందల మంది పేర్లున్నాయి. అందులో ఎక్కువమంది ఉనికికి ఆ లేఖనాలే ఆధారం. హిజ్కియా సంగతి అలా కాదు. ఆయన పేరు శత్రువు రాతలో ఉంది, సొంత ముద్ర మీద ఉంది, ఆయన తర్వాత శతాబ్దాల పాటు ఇతరుల నాణేల మీద, వంశావళుల్లో ఉంది. ఒక మనిషి పేరును పట్టుకుని ఒక జాతి చరిత్రలోకి నడవాలంటే ఇంతకంటే మంచి దారి దొరకదు.

పేరే ఒక వాక్యం

తెలుగువారు రామయ్య, వెంకటేశం అని దేవుడి పేరునే బిడ్డకు పెట్టుకుంటారు. ప్రాచీన హెబ్రీయులు అలా పెట్టుకోలేదు. దేవుడు ఏం చేశాడో, ఏం చేయాలని తాము కోరుకుంటున్నారో చెప్పే ఒక చిన్న వాక్యాన్ని బిడ్డకు పేరుగా పెట్టారు. 'దేవుడు విన్నాడు', 'దేవుడు ఇచ్చాడు', 'దేవుడు జ్ఞాపకం చేసుకున్నాడు' వంటివన్నీ వాళ్లలో మనుషుల పేర్లే.

హిజ్కియా హెబ్రీలో 'హిజ్కియాహు'. ఇందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది హెత్, జాయిన్, ఖోఫ్ అనే మూడు హల్లుల ధాతువు నుంచి వచ్చింది. బలంగా ఉండటం, గట్టిగా పట్టుకోవడం దాని అర్థాలు. రెండోది 'యాహు'. ఇశ్రాయేలీయుల దేవుడి నాలుగక్షరాల నామానికి ఇది పొట్టి రూపం. తెలుగు బైబిలు ఆ నామాన్ని యెహోవా అని రాస్తుంది. ఇంకా పొట్టిదైతే 'యా'. 'హల్లెలూయా' చివర వినిపించే 'యా' అదే. యెషయా, యిర్మీయా, హిజ్కియాల చివర ఉన్నదీ అదే. మన 'అయ్య'కూ దీనికీ సంబంధం లేదు.

రెండు ముక్కలూ కలిస్తే 'యెహోవా నా బలం' అవుతుంది. 'యెహోవా బలపరిచాడు' అని కూడా పండితులు అర్థం చెబుతారు. లేఖనాల్లోనే ఈ పేరు నాలుగు విధాలుగా కనిపిస్తుంది: హిజ్కియా, హిజ్కియాహు, యెహిజ్కియా, యెహిజ్కియాహు. అదే ధాతువుకు యెహోవా నామం బదులు 'ఏల్' అన్న మాట చేర్చితే మరో ప్రవక్త పేరు వస్తుంది. ఆయనే యెహెజ్కేలు. హిజ్కియా, యెహెజ్కేలు అనే పేర్లు ఒకే వేరు నుంచి మొలిచాయన్నమాట.

ఇక్కడ మట్టి పట్టకం చేసిన మేలు ఒకటుంది. ప్రాచీన హెబ్రీ రాతలో హల్లులే ప్రధానం, అచ్చులు చాలావరకు రాసేవారు కాదు. ఇప్పుడు మనం చూసే హెబ్రీ అచ్చు గుర్తులను మసోరేతు లేఖకులు క్రీస్తు శకం 7 నుంచి 10వ శతాబ్దాల మధ్య స్థిరపరిచారు. క్యూనిఫాం అలా కాదు, అచ్చులతో సహా రాసే లిపి. అందుకే ఆ రాజు బతికున్న రోజుల్లో ఆ పేరు పరాయివాడి చెవికి ఎలా వినబడిందో పట్టకం చెబుతుంది. లేఖకుడు రాసింది 'హిజ్' అని కాదు, 'హజ' అని. పవిత్ర గ్రంథం కాపాడిన ఉచ్చారణ పక్కన, శత్రువు విన్న ఉచ్చారణ కూడా నిలిచింది.

తండ్రి ఆహాజు

హిజ్కియా తండ్రి ఆహాజు. ఈ పేరుకు 'పట్టుకున్నాడు' అని అర్థం. ఎవరు పట్టుకున్నారు? పేరులో కర్త లేడు. ఆ లోటును తీర్చింది కూడా అష్షూరు రాతే. మూడవ తిగ్లత్పిలేసెరుకు కప్పం కట్టిన రాజుల జాబితాలో ఈయన 'యౌహజి'గా ఉన్నాడు. అంటే పూర్తి పేరు యెహోయాహాజు, 'యెహోవా పట్టుకున్నాడు'.

మరి లేఖనాల్లో దేవుడి నామం ఎందుకు జారిపోయింది? ఆహాజు అన్య పూజలు చేసినవాడు కనుక లేఖకులు కావాలనే తీసేశారని ఒక వివరణ ఉంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, సాక్ష్యం దానికి అడ్డు వస్తుంది. ముందు చెప్పుకోబోయే హిజ్కియా రాజముద్ర మీద కూడా తండ్రి పేరు 'ఆహాజు' అనే ఉంది. కొడుకు తన అధికార ముద్ర మీద తండ్రిని అవమానించుకోడు. ఆ పొట్టి పేరు రాజాస్థానంలోనే మామూలుగా నడిచిందనుకోవడమే సబబు.

తల్లి పేరు రాజుల గ్రంథంలో అబీ, దినవృత్తాంతాల్లో అబీయా. 'యెహోవా నా తండ్రి' అని దాని అర్థం. తల్లి పేరులోనూ అదే దేవుడు, కొడుకు పేరులోనూ అదే దేవుడు.

పేరు మీదే దాడి

హిజ్కియా ఇరవై అయిదో ఏట సింహాసనమెక్కి 29 ఏళ్లు పాలించాడని లేఖనం చెబుతుంది. క్రీ.పూ. 715 నుంచి 687 దాకా అని ఎక్కువమంది లెక్కగడతారు, పాలన పదేళ్లకు పైగా ముందే మొదలైందని వాదించేవారూ ఉన్నారు. ఆ తరం కళ్లముందే ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యం కూలింది. దాని రాజధాని షోమ్రోను క్రీ.పూ. 722-721లో అష్షూరు వశమైంది. మిగిలింది చిన్న యూదా రాజ్యం ఒక్కటే.

హిజ్కియా కొండల మీది పూజాస్థలాలను తీయించాడు. మోషే కాలం నాటిదని జనం ధూపం వేస్తూ వచ్చిన ఇత్తడి సర్పాన్ని, నెహుష్టానును, ముక్కలు చేయించాడు. క్రీ.పూ. 705లో చక్రవర్తి రెండవ సర్గోను యుద్ధంలో చనిపోగానే పడమటి రాజ్యాలు కప్పం ఆపేశాయి. యూదా కూడా ఆపేసింది. ఎక్రోను రాజు పాదీ అష్షూరుకు విధేయుడు. అతని ప్రజలు అతన్ని బంధించి హిజ్కియాకు అప్పగించారని సన్హెరీబు చిట్టా చెబుతుంది. 1996లో ఎక్రోనులో దొరికిన రాతిశాసనంలో పాదీ పేరు స్థానిక రాజుల వరుసలోనే కనిపించింది.

సన్హెరీబు వచ్చాడు. యూదాలో 46 కోట పట్టణాలను గెలిచానని, 2,00,150 మందిని పట్టుకుపోయానని, హిజ్కియాను పంజరంలో పక్షిలా యెరూషలేములో బంధించానని రాయించుకున్నాడు. ఆ పట్టణాల్లో ఒకటైన లాకీషు ముట్టడిని రాతి పలకల మీద చెక్కించి నీనెవె భవనంలో ఒక గది గోడల నిండా పెట్టించాడు. 19వ శతాబ్ది మధ్యలో హెన్రీ లేయార్డ్ వాటిని తవ్వి తీశాడు. ముట్టడి దిబ్బలు, బాణాలు, సామాన్లు మోసుకుంటూ చెరకు పోతున్న కుటుంబాలు ఇప్పటికీ ఆ పలకల మీద స్పష్టంగా కనిపిస్తాయి.

యెరూషలేము గోడ దగ్గరికి వచ్చిన అష్షూరు దూత రబ్షాకే ప్రసంగం రెండవ రాజుల గ్రంథం 18వ అధ్యాయంలో ఉంది. సిరియా భాషలో మాట్లాడమని యూదా అధికారులు బతిమాలితే, గోడ మీద కూర్చున్న జనానికి అర్థం కావాలని అతను యూదుల భాషలోనే గట్టిగా అరిచాడు. ఆ ప్రసంగంలో రెండు విషయాలు గమనించాలి. తన యజమానిని 'మహారాజు' అంటూనే, హిజ్కియాను ఒక్కసారి కూడా రాజు అనడు, ఒట్టి పేరుతోనే పిలుస్తాడు. నీనెవె పట్టకం మీద ఉన్నదీ అదే ధోరణి: 'యూదావాడైన హిజ్కియా'. రెండోది ఇంకా లోతైనది. యెహోవా విడిపిస్తాడన్న హిజ్కియా మాట నమ్మవద్దన్నదే అతని వాదన సారం. అంటే ఆ రాజు పేరు ఏ నమ్మకాన్ని చెబుతోందో, సరిగ్గా దాని మీదే దాడి.

దినవృత్తాంతాల రచయిత దీనికి జవాబిచ్చినట్టు రాశాడు. రెండవ గ్రంథం 32వ అధ్యాయం హెబ్రీలో చదివితే, రాజు ధైర్యం తెచ్చుకోవడానికీ, కోటను గట్టిపరచడానికీ, జనాన్ని బలంగా ఉండమనడానికీ ఒకే ధాతువు మళ్లీ మళ్లీ వస్తుంది. అది హిజ్కియా పేరులోని ధాతువే. హెబ్రీ తెలిసిన చెవులకు ఆ పేరు మోగుతూనే ఉంటుంది.

యుద్ధం ఎలా ముగిసింది? యెహోవా దూత ఒక్క రాత్రిలో 1,85,000 మంది అష్షూరీయులను హతం చేశాడని లేఖనం. హిజ్కియా భారీ కప్పం పంపాడని పట్టకం. కప్పం సంగతి లేఖనం కూడా దాచలేదు. 30 తలాంతుల బంగారం దగ్గర రెండు లెక్కలూ ఒకటే. వెండి లేఖనంలో 300 తలాంతులు, పట్టకంలో 800. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం సన్హెరీబు ఎక్కడా చెప్పుకోలేదు. అంతటి చక్రవర్తి చెప్పుకోలేదంటే పట్టుకోలేదనే అర్థం.

రాజు పేరు లేని శాసనం

యుద్ధానికి ముందే హిజ్కియా సన్నాహాలు చేశాడు. యెరూషలేములో 1970ల తవ్వకాల్లో నహ్మాన్ అవిగాద్ బయటపెట్టిన 7 మీటర్ల మందం గోడ ఆ కాలానిదే. దాని కోసం ఇళ్లు పడగొట్టిన గుర్తులు కూడా దొరికాయి, యెషయా 22వ అధ్యాయం ఆ పనినే ప్రస్తావిస్తుంది. నూనె, ద్రాక్షారసం నింపే పెద్ద జాడీల చెవుల మీద 'రాజుకు చెందినది' అన్న ముద్రలు వేయించారు. అలాంటి చెవులు యూదా అంతటా 2,000కు పైగా దొరికాయి.

అన్నిటికంటే పెద్ద పని గీహోను ఊటను కొండ లోపలి నుంచి సిలోయము కోనేటికి మళ్లించిన సొరంగం. పొడవు 533 మీటర్లు, రెండు చివర్ల మధ్య మట్టం తేడా 30 సెంటీమీటర్ల పైచిలుకే. రాతిని రెండు వైపుల నుంచీ తొలుచుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. 1880లో అక్కడ నీళ్లలో ఆడుకుంటున్న కుర్రవాళ్ల కంట గోడ మీది ఆరు వరుసల రాత పడింది. అటువైపు పనివాళ్ల కేకలు ఇటువైపు వినపడటం, ఉలికి ఉలి ఎదురై రాయి తెగటం, నీరు 1,200 మూరలు పారటం అందులో ఉన్నాయి. ఆ శాసనాన్ని తర్వాత గోడ నుంచి పెకలించారు, ఇప్పుడది ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది.

అందులో రాజు పేరు లేదు. హిజ్కియా కాలువ తవ్వించాడని లేఖనాలు చెబుతాయి, శాసనం పనివాళ్ల గురించే మాట్లాడుతుంది. 2003లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన సొరంగం పూతలో చిక్కుకున్న మొక్కల అవశేషాలనూ, లోపల ఏర్పడిన సున్నపు నిక్షేపాలనూ పరీక్షించి, కాలం క్రీ.పూ. 700 ప్రాంతమని తేల్చింది. శాసనం చెప్పని రాజును కాలనిర్ణయం చూపించింది.

గోరంత మట్టి ముద్ర

రాజు పేరు ఆయన సొంత ఆస్థానం నుంచి దొరకడానికి 21వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. 2009లో హెబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన ఎయిలాత్ మజార్ బృందం ఆలయ పర్వతం దక్షిణ గోడ పక్కన ఓపెలు ప్రాంతంలో తవ్వింది. ఒక రాజభవనం పక్కన చెత్త పారబోసిన చోటి మట్టిని నీళ్లలో జల్లెడ పడితే చిన్న చిన్న మట్టి ముద్రలు తేలాయి. పపైరస్ పత్రాన్ని చుట్టి, దారం కట్టి, ముడి మీద తడిమట్టి అద్ది ఉంగరంతో ఒత్తేవారు, మన తపాలా కట్టల మీద లక్క సీలు వేసినట్టే. వాటిలో ఒకదాని మీది ముద్ర కొలత 9.7 మిల్లీమీటర్లు, 8.6 మిల్లీమీటర్లు. 2015 డిసెంబరులో దాని మీది రాతను ప్రకటించారు: ఆహాజు కుమారుడు, యూదా రాజు హిజ్కియాది.

ఇదే పేరున్న ముద్రలు అంతకుముందు పురావస్తువుల బజారులో కనిపించాయి. వాటిలో ఒకదాన్ని ఫ్రాంక్ మూర్ క్రాస్ 1999లో ప్రచురించాడు కూడా. కానీ అంగడిలో దొరికిన వస్తువుకు పుట్టిన చోటు తెలియదు. ఓపెలు ముద్ర శాస్త్రీయ తవ్వకంలో, దాని కాలపు పొరలో దొరికింది. యూదా లేదా ఇశ్రాయేలు రాజు ముద్ర అలా దొరకడం అదే మొదటిసారి. రాత మధ్యన రెక్కలు వాల్చిన సూర్యబింబం, ఇరువైపులా ఈజిప్టు వారి జీవచిహ్నాలు ఉన్నాయి. ఇత్తడి సర్పాన్ని విరగగొట్టించిన రాజు ముద్ర మీద ఈ గుర్తులుండటం, ఆనాటి రాజచిహ్నాల భాష దేశాల మధ్య ఎంత స్వేచ్ఛగా తిరిగిందో చూపుతుంది.

రబ్షాకే అననన్న మాట, నీనెవె లేఖకుడు రాయనన్న మాట ఈ ముద్ర మీద ఉంది: యూదా రాజు.

తోకను బట్టి కాలం

హెబ్రీ పేర్ల చివరి ముక్క చరిత్రకారుడికి దిక్సూచి. హిజ్కియా కాలపు యూదాలో అది 'యాహు'. ఉత్తరాన ఇశ్రాయేలులో అదే 'యౌ'. 1910లో షోమ్రోనులో దొరికిన క్రీ.పూ. 8వ శతాబ్దపు పెంకు రాతల్లో 'యౌ' పేర్లున్నాయి, వాటి పక్కనే బాల్ దేవుడి పేర్లూ ఉన్నాయి. 1935లో లాకీషులో బయటపడిన పెంకు ఉత్తరాలు యూదా పతనానికి కొంచెం ముందువి. వాటిలో గెమర్యాహు, యిర్మెయాహు, మత్తన్యాహు, నేరియాహు అని 'యాహు' వరుస కడుతుంది.

ఒక్కోసారి ఆ తోక మాత్రమే మిగులుతుంది. 1870లో షార్ల్ క్లెర్మోఁ గాన్నో యెరూషలేముకు ఎదురుగా ఉన్న సిల్వాన్ గ్రామంలో ఒక సమాధి శాసనాన్ని కనుగొన్నాడు. అది రాజగృహ నిర్వాహకుడి సమాధి. 1953లో అవిగాద్ దాన్ని చదివితే, పేరు ముందు భాగం చెరిగిపోయి 'యాహు' ఒక్కటే నిలిచింది. తనకు సమాధి తొలిపించుకున్నందుకు యెషయా తిట్టిన షెబ్నా ఇతనేనని కొందరి అభిప్రాయం.

యూదా కూలి, జనం బబులోను చెరకు పోయిన తర్వాత తోకలు మారాయి. బబులోను ప్రాంతంలోని నిప్పూరులో 1893లో దొరికిన మురషూ కుటుంబపు వ్యాపార పత్రాల్లో యూదుల పేర్లు 'యామ'తో ముగుస్తాయి. అదే క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఈజిప్టులోని ఎలిఫాంటీన్ యూదులు 'యా' దగ్గర ఆపేశారు. వారి నాయకుడి పేరు యెదన్యా. దేశం పోయింది, గుడి పోయింది, ఊళ్లు మారాయి. పేరు చివరి దేవుడు మాత్రం వెంట వచ్చాడు.

రాజు తర్వాతి హిజ్కియాలు

ప్రవక్త జెఫన్యా తన వంశాన్ని నాలుగు తరాల వెనక్కి చెప్పుకుని హిజ్కియా దగ్గర ఆగాడు. ఆ హిజ్కియా రాజేనని చాలామంది భావిస్తారు. చెర నుంచి తిరిగొచ్చినవారి జాబితాలో హిజ్కియా సంబంధికులైన ఆటేరు వంశస్థులు 98 మంది ఉన్నారని ఎజ్రా గ్రంథం లెక్క చెబుతుంది. క్రీ.పూ. 4వ శతాబ్దపు చిన్న వెండి నాణేల మీద 'యెహిజ్కియా, అధిపతి' అని ఉంది. వాటిలో ఒకటి 1931లో బేత్సూరు తవ్వకాల్లో దొరికింది. రాజు లేని కాలంలో పారసీకుల కింద ఏలిన అధిపతికి అదే రాజు పేరు.

గ్రీకులో ఈ పేరు 'ఎజెకియాస్' అయింది. హెబ్రీ హెత్ ధ్వనికి గ్రీకులో అక్షరం లేకపోవడంతో ముందున్న 'హ' జారిపోయింది. చరిత్రకారుడు జోసీఫస్ రచనల్లో ఇద్దరు ఎజెకియాసులు గట్టిగా గుర్తుంటారు. ఒకరు మొదటి టాలెమీ కాలంలో ఈజిప్టుకు వెళ్లిన 66 ఏళ్ల ప్రధాన యాజకుడు. మరొకరు గలిలయలో తిరుగుబాటు దండు నాయకుడు. క్రీ.పూ. 47 ప్రాంతంలో యువకుడైన హేరోదు అతన్ని విచారణ లేకుండా చంపించినందుకు యెరూషలేము న్యాయసభ ముందు నిలబడాల్సి వచ్చింది.

యూదు పండితులు ఈ పేరును అర్థంతోనే గుర్తుపెట్టుకున్నారు. దేవుడు అతన్ని బలపరిచాడు కనుక ఆ పేరు, లేదా అతను ఇశ్రాయేలును పరలోక తండ్రి వైపు బలపరిచాడు కనుక ఆ పేరు అని తల్మూదులోని సన్హెద్రిన్ భాగం రెండు విధాలా వివరిస్తుంది. ధర్మశాస్త్రంలో ఒక్కో గ్రంథం చదవడం ముగిసినప్పుడు యూదు ప్రార్థనామందిరాల్లో జనమంతా కలిసి పలికే మాటలోనూ ఇదే ధాతువు ఉంది: హజక్, హజక్.

తెలుగు పలుకులో

1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఈ రాజుకు రెండు పేర్లున్నాయి. పాత నిబంధనలో హెజెకాయా, మత్తయి సువార్త వంశావళిలో గ్రీకును అనుసరించి ఎజెకియాస్. ఇద్దరూ ఒకరేనని పాఠకుడే పోల్చుకోవాలి. తెలుగు బైబిలు చదువరికి ఆ ఇబ్బంది లేదు. రాజుల గ్రంథంలోనూ మత్తయిలోనూ హిజ్కియాయే.

18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ చేసిన తెలుగు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ ఆ పనిని మళ్లీ ఎత్తుకున్నారు. 1818 నాటికి కొత్త నిబంధన అచ్చయింది, పాత నిబంధన పూర్తి కావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. అలా స్థిరపడిన తెలుగు పాఠంలో పేర్లు ఇంగ్లీషు పలుకును అనుసరించలేదు. ఐజయా కాదు, యెషయా. జెరెమయా కాదు, యిర్మీయా. హెజెకాయా కాదు, హిజ్కియా. హెబ్రీ యెషయాహు, యిర్మెయాహు, హిజ్కియాహులకు ఇవి చాలా దగ్గర. ఆంధ్ర, తెలంగాణ క్రైస్తవ కుటుంబాల్లో పాత తరం పిల్లలకు పెట్టుకున్న బైబిలు పేర్లను ఇప్పుడు ఇంగ్లీషు రూపాల్లోకి మార్చుకునే అలవాటు పెరుగుతోంది. మార్చుకునే ముందు ఒక్క సంగతి గమనించాలి. తాతల నోట పలికిన తెలుగు రూపమే యెరూషలేము పలుకుకు దగ్గరగా ఉంది. ఆ రూపాన్ని నిలుపుకోవడం మంచిది.

వచ్చే సంచికలో యెషయా. 2018లో ఎయిలాత్ మజార్ మరో విరిగిన ముద్రను ప్రకటించింది. హిజ్కియా ముద్ర దొరికిన చోటుకు అది 3 మీటర్ల లోపే దొరికింది. దాని మీద ఆ పేరుంది, పక్కన 'ప్రవక్త' అన్న మాట మొదటి అక్షరాలు కావచ్చనిపించే మూడు అక్షరాలున్నాయి, ఆఖరి అక్షరం ఉండాల్సిన చోట మట్టి విరిగిపోయింది.